పెన్న వెంట నాలుగు రోజులు: నెల్లూరు నుంచి సోమశిలకు, సోమశిల నుంచి సముద్రానికి సైకిలు మీద

ఒంగోలు నుంచి నలుగురు మిత్రులు జనవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టి పెన్నానది వెంట సైకిళ్ళ మీద వెళ్ళాలనుకుంటున్నామని, రోజుకు 40, 50 కిలోమీటర్లు తొక్కే అలవాటు ఉందని, గండికోట నుంచి మొదలుపెట్టాలో సోమశిల నుంచి మొదలుపెట్టాలో తేలడం లేదని మీరు రాశారు. గట్టు వెంటే దారి ఉంటుందా, రాత్రి బస ఎక్కడ, ఎలాంటి సైకిలు పనికివస్తుంది అనేవి మీ మిగతా ప్రశ్నలు. నేను నెల్లూరు వాడిని. చాలా ఏళ్ళుగా చలికాలంలో ఈ దారుల్లో తిరుగుతున్నాను, కొత్తవారిని వెంటబెట్టుకొని వెళ్ళిన అనుభవమూ ఉంది కనుక కాస్త వివరంగానే రాస్తాను.

మీరు గండికోట, సోమశిల అని రెండు పేర్లు చెప్పారు గానీ, నా సలహా ఆ రెంటిలో ఏదీ కాదు. నెల్లూరులో మొదలుపెట్టి నదికి ఎదురుగా సోమశిల దాకా పోయి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి సముద్రం చేరుకోండి. నది పైనుంచి కిందికి పోతుంది కనుక దాని వెంట దిగితే తొక్కడం తేలిక అవుతుందని చాలామంది అనుకుంటారు. ఈ నది విషయంలో ఆ లెక్క కుదరదు. సోమశిల జలాశయం నిండుకుండలా ఉన్నప్పుడు కూడా దాని నీటిమట్టం సముద్రానికి 330 అడుగుల ఎత్తున, అంటే సుమారు 100 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి సముద్రానికి తిన్నగా గీత గీసినా 100 కిలోమీటర్లకు కాస్త లోపు. ఎంత లెక్క కట్టినా కిలోమీటరుకు ఒక మీటరు పల్లం. రోడ్డు మీద అది ఇంకా తక్కువ. అంత పల్లం మీ కాలికి తెలియనే తెలియదు.

తెలిసేది గాలి. జనవరిలో ఇక్కడ గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. దానికి తోడు పొద్దున తొమ్మిది, పది గంటల వేళకు సముద్రపు గాలి లేచి సాయంత్రం దాకా తూర్పు నుంచి నిలకడగా వీస్తుంది. తెల్లవారుజామున మాత్రం గాలి పడిపోయి ఉంటుంది; తీరానికి దగ్గరైన కొద్దీ ఆ వేళ నేల మీది నుంచి సముద్రం వైపు సన్నగా వీచడం కూడా గమనించవచ్చు. సోమశిల నుంచి పదిగంటల ఎండలో తూర్పుముఖంగా బయలుదేరినవారు రోజంతా ఎదురుగాలిలో తల వంచుకొని తొక్కుతూ, పక్కన ఏముందో చూడకుండానే నెల్లూరు చేరుకుంటారు. అందుచేత పడమటికి పోయే రోజుల్లో పగలు తొక్కండి, తూర్పుకు వచ్చే రోజుల్లో చీకటితో లేచి ఎండెక్కేలోపు ముగించండి. ఈ నాలుగు రోజుల ప్రణాళిక అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. మిగతావన్నీ దాని తరవాతే.

ఇక గండికోట. అక్కడి లోయ అందం గురించి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే గండికోట నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, సిద్ధవటం మీదుగా వచ్చే పెన్నకూ, నెల్లూరు జిల్లాలోని పెన్నకూ మధ్య వెలిగొండలు అడ్డంగా నిలుచున్నాయి. నది ఆ కొండలను సోమశిల దగ్గర చీల్చుకొని వస్తుంది, అందుకే ఆనకట్ట అక్కడ కట్టారు. కొండల వెనక జలాశయపు నీళ్ళు, ఆ చుట్టుపక్కల అభయారణ్యాలు. నదిని ఆనుకొని సైకిలు పోయే దారి అక్కడ లేదు. కడప వైపు నుంచి రావాలంటే బద్వేలు నుంచి మర్రిపాడు మీదుగా ఆత్మకూరు వచ్చే 67వ నంబరు జాతీయ రహదారినే పట్టుకోవాలి, అది నదికి చాలా దూరం. నాలుగు రోజుల్లో ఈ రెండు లోయలనూ కలపాలని చూస్తే రెండూ సరిగా చూడలేరు. గండికోటను మరో సెలవుకు ఉంచుకోండి.

కాలం సంగతి. నెల్లూరుకు వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో వస్తాయి. 2021 నవంబరులో వచ్చిన వరదకు పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి కోతకు గురైంది. అంత వరద ఏటా రాదు గానీ, నవంబరులో ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో ఊహించి తేదీలు పెట్టుకోవడం తెలివైన పని కాదు. జనవరి సరైన నెల. సోమశిలలో నీళ్ళు ఉంటాయి, కాలువలు పారుతుంటాయి, రబీ వరి నాట్లు పూర్తయి పొలాలు పచ్చగా ఉంటాయి. అయితే సంక్రాంతి నాలుగు రోజులు వదిలేయండి. పండగకు ఊళ్ళలోని మెస్సులు, టిఫిను కొట్లు మూసేస్తారు, లాడ్జీల్లో గదులు దొరకవు, రోడ్ల మీద కార్లు పెరుగుతాయి. పండగ దాటిన వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఎప్పుడైనా మంచిదే. మార్చిలో కోతలు మొదలైతే కోతమిషన్లు, ధాన్యం లారీలు వస్తాయి, రోడ్డులో సగం వడ్లు ఆరబోస్తారు. ఆరబోసిన వడ్ల మీద సైకిలు పోనిస్తే రైతుకు కోపం రావడం న్యాయమే, టైరు జారడం కూడా ఖాయమే. ఏప్రిల్, మే నెలల వడగాలి గురించి చెప్పేదేమీ లేదు, రావద్దు.

గట్టు వెంటే దారి ఉంటుందా అన్నారు. ఉండదు. మీరు ముందుగా మనసులో సర్దుకోవలసిన విషయం ఇది: పెన్న ఇక్కడ కొండల మధ్య ఇరుకున పారే నది కాదు. వెడల్పాటి ఇసుక, మధ్యలో ఒకటి రెండు పాయలు, ఒడ్డున తాటిచెట్లు, రెల్లుపొదలు, దూరంగా వరిచేలు. పెద్ద రోడ్డు నది నుంచి చాలాచోట్ల కిలోమీటర్ల దూరంలో పోతుంది. నది కంటికి నిండుగా కనబడేది కొన్ని చోట్లే: నెల్లూరు బ్యారేజీ, జొన్నవాడ, సంగం, సోమశిల, చివర సముద్రంలో కలిసే చోటు. ఈ మధ్య మీకు తోడు వచ్చేవి కాలువలు. ఈ డెల్టాకు 19వ శతాబ్దం మధ్యలో నెల్లూరు దగ్గర, 1880ల్లో సంగం దగ్గర ఆనకట్టలు కట్టారు. వాటి కింద తీసిన కాలువల కట్టల మీద నడిచే దారులే ఈ ప్రయాణానికి అసలు అందం. నదిని చూడటానికి వచ్చినవారు కాలువను తక్కువగా చూడకండి. పెన్న నీళ్ళు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకలో కన్నా కాలువల్లోనే ఎక్కువగా ఉంటాయి.

కాలువ కట్టలన్నీ సైకిలుకు పనికిరావు. కొన్నింటి మీద తారు వేశారు, కొన్ని గ్రావెలు, కొన్ని ఉత్త నల్లరేగడి. నల్లరేగడి ఆరి ఉంటే సిమెంటు లాగే ఉంటుంది. రాత్రి చినుకు పడితే మాత్రం పది గజాలు పోయేసరికి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి బిగుసుకొని చక్రం తిరగడం ఆగిపోతుంది. అప్పుడు పుల్ల పెట్టి తవ్వుకోవడం తప్ప మార్గం లేదు. ఏ కట్ట బాగుందో ఫోనులోని మ్యాపు చెప్పదు. తూముల దగ్గర, షట్టర్ల దగ్గర నీటిపారుదల శాఖ లస్కర్లు ఉంటారు. రోజూ అదే కట్ట మీద మోపెడు మీదనో సైకిలు మీదనో తిరిగే మనుషులు వారు. "అన్నా, ఈ కట్ట మీద ఎంతదాకా పోవచ్చు?" అని అడిగితే ఎక్కడ గండి పూడ్చారో, ఎక్కడ కంప అడ్డం వేశారో కూడా చెబుతారు. వారి మాట వినకుండా ముందుకు పోయినవారు మధ్యలో సైకిలు భుజాన వేసుకోవలసి వస్తుంది.

మొదటి రోజు నెల్లూరు నుంచి ఆత్మకూరు, 55 నుంచి 60 కిలోమీటర్లు. ఆత్మకూరు అనే ఊళ్ళు రాష్ట్రంలో ఇంకా ఉన్నాయి కనుక గది మాట్లాడుకునేటప్పుడు నెల్లూరు జిల్లా ఆత్మకూరు అని చూసుకోండి. పొద్దున రంగనాయకుల గుడి దగ్గర మొదలుపెట్టడం నాకు ఇష్టం, గుడి నదికి ఆనుకొనే ఉంటుంది. 2022 సెప్టెంబరులో ప్రారంభించిన కొత్త బ్యారేజీ మీది దారిన నది దాటితే కోవూరు వైపు వస్తారు. అక్కడి నుంచి హైవే పట్టుకోకుండా జొన్నవాడ దారి తీసుకోండి. కామాక్షితాయి గుడి వెనక మెట్లు దిగితే నది. అక్కడ దర్శనం, పక్క కొట్లలో టిఫిను ముగించుకొని బుచ్చిరెడ్డిపాళెం చేరండి. మేము బుచ్చి అంటాము, బస్సువాళ్ళూ అలాగే అంటారు. అక్కడి కోదండరామస్వామి గుడి గోపురం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. బుచ్చి దాటాక సంగం, అక్కడి నుంచి ఆత్మకూరు జాతీయ రహదారి మీదే. కృష్ణపట్నం రేవుకు వచ్చీపోయే లారీలు ఈ దారిన బాగా తిరుగుతాయి. రోడ్డు వెడల్పుగా ఉంటుంది, తెల్లగీత బయట తొక్కే చోటు ఉంటుంది, అయినా ఒకరి వెనక ఒకరు వెళ్ళండి, మాటలు టీకొట్టు దగ్గరికి దాచుకోండి. సంగం దాటాక బీరాపేరు వాగు వంతెన వస్తుంది; జనవరిలో అది చిన్న పాయలా కనిపిస్తుంది గానీ, వానాకాలంలో ఈ వాగులు ప్రాణాలు తీసినవే. మధ్యాహ్నం ఎండలో తొక్కుతున్నా తూర్పుగాలి వీపు మీద ఉంటుంది కనుక ఈ రోజు మీకు పెద్ద శ్రమ తెలియదు.

రెండో రోజు ఆత్మకూరు నుంచి అనంతసాగరం మీదుగా సోమశిల, సుమారు 40 కిలోమీటర్లు. నాలుగు రోజుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. హైవే వదిలిన కాసేపటికి లారీల చప్పుడు తగ్గిపోతుంది, నేల రంగు మారుతుంది, ఎదురుగా వెలిగొండలు నీలంగా లేచి, తొక్కే కొద్దీ పచ్చబడుతూ, చివరికి చెట్లు విడివిడిగా కనబడేంత దగ్గరికి వస్తాయి. అనంతసాగరం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది; దాని కట్ట మీద ఆగి చూస్తే ఆ కాలంలో ఒక చెరువు కింద ఎంత సేద్యం నడిపారో అర్థమవుతుంది. తొందరపడకుండా ఆ కట్ట మీద ఒక గంట గడపండి. నీటికోళ్ళు, కొంగలు, చేపల వలలు, గేదెల మీద కూర్చున్న కాకులు, ఇవన్నీ చూడటానికి సైకిలు కన్నా మంచి బండి లేదు.

సోమశిలలో ఆనకట్టకు రెండు వైపులా కొండలు, మధ్యలో 78 టీఎంసీల నీళ్ళు పట్టే జలాశయం. నెల్లూరు డెల్టాకూ, కావలి వైపు పొలాలకూ ఇక్కడి నుంచే నీళ్ళు పోతాయి. వరద కాలువ ద్వారా కండలేరుకు, అక్కడి నుంచి తెలుగుగంగ ద్వారా చెన్నపట్నానికి పోయేవీ ఈ నీళ్ళే. అక్కడివారు కుళాయి తిప్పినప్పుడు ఈ కొండల సంగతి గుర్తుంచుకుంటారో లేదో నాకు తెలియదు గానీ, ఇక్కడి రైతులు మాత్రం ఆ లెక్క బాగా గుర్తుంచుకుంటారు. ఆనకట్ట మీదికి అందరినీ అన్నివేళలా పోనివ్వరు. కాపలావారు వద్దన్న చోట వాదించకండి, ఫొటోల కోసం గోడలెక్కకండి. గేట్లు వదిలే రోజైతే దిగువన నదిలోకి దిగే ఆలోచనే పెట్టుకోవద్దు.

ఇక్కడే మీ ప్రణాళికలో చిక్కు వస్తుంది. అదే రోజు ఆత్మకూరుకు తిరిగి రావాలంటే మొత్తం సుమారు 80 కిలోమీటర్లు, అందులో రెండో సగం ఎదురుగాలి. రోజుకు 50 కిలోమీటర్ల అలవాటున్నవారికి అది మూడో రోజును పాడుచేస్తుంది. సోమశిలలో జలవనరుల శాఖ అతిథిగృహం ఉంది, ముందుగా అనుమతి తెచ్చుకోగలిగితే అక్కడే పడుకొని తెల్లవారుజామున బయలుదేరండి. ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోగలిగితే దానికి మించింది లేదు. అది కుదరకపోతే ఆత్మకూరులోనే ముందురోజు సాయంత్రం ఒక టాటా ఏస్ మాట్లాడి, మధ్యాహ్నం మూడింటికి సోమశిలకు రమ్మని చెప్పి, సైకిళ్ళు అందులో వేసుకొని వెనక్కి వచ్చేయండి. ఒకే దారిని రెండుసార్లు తొక్కి నిరూపించుకోవలసిందేమీ లేదు. సైకిళ్ళ మధ్య పాత గోనెసంచులు పెట్టి కట్టండి, లేకపోతే పెడళ్ళు పక్క సైకిలు చువ్వల్లోకి దూరుతాయి.

మూడో రోజు ఆత్మకూరు నుంచి నెల్లూరు. నాలుగున్నరకు లేచి ఐదింటికి రోడ్డెక్కండి. జనవరిలో ఈ వేళ పొలాల మీద మంచు పరుచుకొని ఉంటుంది, లారీవాళ్ళకు మీరు కనిపించాలంటే వెనక ఎర్రదీపం, ఒంటి మీద మెరిసే జాకెట్టు తప్పనిసరి. ఇవి లేనివారిని ఆ వేళ హైవే ఎక్కనివ్వకండి. తెల్లవారేసరికి సంగం చేరుకుంటారు. సంగం బ్యారేజీ పొడవు కిలోమీటరుకు పైనే. పాత ఆనకట్ట ఉన్న ఊళ్ళోనే 2022లో ఇదీ ప్రారంభమైంది. బ్యారేజీ మీదుగా అవతలి గట్టుకు పోయే దారి ఉంది. సూర్యుడు వచ్చేవేళ దాని మధ్యలో నిలబడితే ఎగువన నిండుగా ఆగిన నీళ్ళు, దిగువన ఇసుక, రెండూ ఒకేసారి కనిపిస్తాయి. పెన్న స్వభావం అంతా ఆ ఒక్కచోట తెలిసిపోతుంది.

అక్కడి నుంచి రెండు మార్గాలు. కాళ్ళలో ఇంకా సత్తువ ఉంటే అవతలి గట్టుకు దాటి పొదలకూరు మీదుగా నెల్లూరు పోవచ్చు. అది ఎర్రనేలల మెట్ట, నిమ్మతోటల దేశం. చిన్న చిన్న ఎత్తుపల్లాలు వస్తాయి, పొదలకూరులో నిమ్మకాయల మార్కెట్టు చూడవచ్చు. కానీ ఆ చుట్టుతో రోజు మొత్తం 80 కిలోమీటర్లకు చేరుతుంది. మొదటిసారి వచ్చేవారికి నేను వెనక్కి తిరిగి ఉత్తరపు గట్టునే, కాలువ దారులు అడుగుతూ, కనిగిరి రిజర్వాయరు చూసుకొని రమ్మంటాను. పేరు చూసి కనిగిరి పట్టణం అనుకోకండి. ఇది బుచ్చి దగ్గర, సంగం నుంచి వచ్చే కాలువ నింపే పెద్ద చెరువు. చలికాలంలో ఇక్కడ పక్షులు ఎక్కువ. పదిగంటలకు గాలి లేచే వేళకు మీరు నెల్లూరు పొలిమేరల్లో ఉండాలి.

నాలుగో రోజు సముద్రం. కోవూరు, నెల్లూరు దగ్గర ఏ గట్టున దిగాలో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే దిగువన దాటడానికి ఈ వంతెనల్లాంటివి ఉంటాయని లెక్కపెట్టుకోకూడదు. దక్షిణపు గట్టున ఇందుకూరుపేట మీదుగా మైపాడు సుమారు 25 కిలోమీటర్లు. దారి మంచిది, తినడానికి దొరుకుతుంది, ఆదివారం జనం ఎక్కువ. ఉత్తరపు గట్టున విడవలూరు మీదుగా ఊటుకూరు, రామతీర్థం వైపు పోవచ్చు. దూరం కాస్త ఎక్కువ, కొట్లు తక్కువ, ప్రశాంతత చాలా ఎక్కువ. నది సముద్రంలో కలిసేది ఊటుకూరు దగ్గర కనుక ఈ ప్రయాణానికి అర్థం అక్కడే పూర్తవుతుందని నేను ఉత్తరపు గట్టునే ఎంచుకుంటాను. దారి పొడుగునా వరిచేలు పోయి రొయ్యల గుంటలు వస్తాయి, నీళ్ళను చిలికే ఏరేటర్ల చక్రాల చప్పుడు వినిపిస్తుంటుంది. బకింగ్‌హాం కాలువ దాటాక నేల పూర్తిగా ఇసుక. ఇక్కడ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కనుక నెల్లూరు నుంచే రెండేసి సీసాలు నింపుకొని బయలుదేరండి. రెండు చోట్లా సముద్రంలో లోతుకు దిగవద్దు, ఏటా అక్కడ ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. నదిలో కూడా అంతే: ఇసుక తవ్విన గుంతలు నీళ్ళ కింద కనబడవు, మోకాళ్ళ లోతు అనుకున్న చోట నిలువెత్తు ఉండవచ్చు.

సైకిలు గురించి. ఇంత చదునైన దారికి గేర్లు లేని మామూలు సైకిలు కూడా సరిపోతుంది; బజారుకు పోయే పాత సైకిళ్ళ మీద నా వెంట వచ్చినవారు కొత్త గేరు సైకిళ్ళవారికన్నా హాయిగా తొక్కారు. గేరు సైకిలు ఉంటే 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు మంచివి. సన్నటైర్ల రేసు సైకిలుకు హైవే తప్ప మరో దారి మిగలదు. సామాను వీపున మోయకండి, వెనక క్యారేజీకి రెండు వైపులా సంచులు కట్టండి. వీపున మోస్తే చెమటకు తడిసి, మూడో రోజుకు నడుము పట్టేస్తుంది.

మీకు అసలు శత్రువు కొండా కాదు, దూరమూ కాదు, ముల్లు. కాలువ కట్టల పొడుగునా సర్కారుతుమ్మ ఉంటుంది. రైతులు కంచె కోసం నరికి ఈడ్చుకుపోయిన దారిన దాని ముళ్ళు రాలి ఉంటాయి. ఎండిన మట్టిదారుల అంచుల్లో పల్లేరుకాయలు. పల్లేరుకాయ చిత్రమేమిటంటే, ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. టైరులో దిగిన వెంటనే గాలి పోదు, కాయ విరిగి ముల్లు మొన మాత్రమే లోపల ఉండిపోతుంది, మర్నాడు పొద్దున లాడ్జీ మెట్ల కింద టైరు నేలకు అంటుకుపోయి కనిపిస్తుంది. అందుకే మట్టిదారి దిగి తారురోడ్డు ఎక్కిన ప్రతిసారీ ఆగి, చక్రం మెల్లగా తిప్పుతూ, పాత గుడ్డతో టైరును తడిమి చూడండి; గుడ్డ పట్టుకున్న చోట ముల్లు ఉంటుంది. చిన్న పట్టకారుతో లాగేయండి. పంక్చరు వేసేటప్పుడు కూడా ట్యూబు ఒక్కటి చూస్తే చాలదు, టైరు లోపలి వైపు వేలు పోనిచ్చి వెదకండి, లేకపోతే కొత్త ట్యూబుకు అదే ముల్లు మళ్ళీ దిగుతుంది. ట్యూబుల్లో సీలెంటు, అంటే చిన్న రంధ్రాలను లోపలి నుంచి పూడ్చే ద్రవం, పోయించుకొని వస్తే ఈ బాధ సగం తగ్గుతుంది.

మామూలు సైకిలు ట్యూబులు ఆత్మకూరు, బుచ్చి, సంగంలో దొరుకుతాయి. కొన్ని కొత్త గేరు సైకిళ్ళకు ఉండే 700సీ కొలత చక్రాల ట్యూబులు నెల్లూరులో తప్ప దొరకవనుకొని మనిషికి రెండేసి తెచ్చుకోండి. మీది సన్న వాల్వు అయితే దానికి తగిలించే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉండాలి, లేకపోతే రోడ్డు పక్కన ఎన్ని పంక్చరు షాపులున్నా మీకు గాలి దొరకదు. బైకు టైర్లకు కొట్టే కంప్రెసరుతో కొట్టించుకుంటే కుర్రవాడికి వదిలేయకండి, దగ్గరుండి ఆపమనండి.

తిండికి కొరత లేదు. పొద్దున కొట్లలో ఎర్రకారం పూసిన దోసె, పులిబొంగరాలు, మధ్యాహ్నం మెస్సుల్లో భోజనం. చేపల పులుసు మూడో రోజు నెల్లూరు చేరాక తినండి. తొక్కవలసిన రోజు మధ్యాహ్నం ఆ పులుసుతో కడుపు నిండా అన్నం తింటే మళ్ళీ సైకిలెక్కాలనిపించదు. దారిలో కొబ్బరిబోండాలు, నిమ్మసోడాలు, ఉప్పు వేయించుకోండి. అనంతసాగరం దాటాక కొట్లు పలచబడతాయి కనుక ఆ రోజుకు అరటిపళ్ళు, వేరుశనగ చిక్కీలు సంచిలో ఉంచుకోవడం మంచిది. కుక్కలు వెంటబడితే వేగం పెంచవద్దు; దిగి, సైకిలును మీకూ దానికీ మధ్య పెట్టి నాలుగడుగులు నడిస్తే అది వదిలేస్తుంది.

బసకు నెల్లూరులో ఎన్నో రకాల లాడ్జీలున్నాయి. ఆత్మకూరులో మామూలువి దొరుకుతాయి. గది మాట్లాడేటప్పుడే సైకిళ్ళు లోపల పెట్టుకోనిస్తారా అని అడగండి. మెట్ల కింద చోటు చాలు, బయట మాత్రం రాత్రి వదలవద్దు.

ఒంగోలు నుంచి నెల్లూరుకు హైవే మీద తొక్కుకొని రావాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. దాదాపు 120 కిలోమీటర్లు, చూడదగ్గది తక్కువ, మీ నాలుగు రోజుల్లో రెండు దానికే పోతాయి. రైలు మంచిది. స్టేషనులోని పార్సిలు ఆఫీసులో సైకిళ్ళు బుక్ చేసి లగేజీ పెట్టెలో వేయించాలి. మీరెక్కే రైలుకు పార్సిలు తీసుకుంటారో లేదో రెండు రోజుల ముందే కనుక్కోండి, పెడళ్ళు విప్పి, హ్యాండిలు పక్కకు తిప్పి కట్టి ఇవ్వండి. తిరుగు ప్రయాణానికి సముద్రం నుంచి వచ్చిన సాయంత్రమే రైలెక్కాలనుకోవద్దు. ఇసుక, ఉప్పుగాలి తగిలిన చైనును మంచినీళ్ళతో కడిగి, ఆరాక నూనె వేసి, మర్నాడు పొద్దున పార్సిలు ఆఫీసుకు తీసుకుపోండి. తేదీలు ఖాయమయ్యాక రాస్తే, ఆ వారం కాలువలకు నీళ్ళు వదిలారో లేదో, ఏ కట్ట మీద పనులు జరుగుతున్నాయో కనుక్కొని చెబుతాను.